చిట్టెలుకల సాక్ష్యం – మాక్స్ థైలర్

తట్టు ఒకసారి పోసిన పిల్లవాడికి మళ్ళీ పోయదని మన ఇళ్ళలో పెద్దలు చెబుతూ ఉంటారు. ఆ మాటలో నిజం ఉంది. కొన్ని రోగాలు వచ్చి తగ్గిన తరువాత శరీరంలో ఒక రక్షణను మిగిల్చి పోతాయి. అయితే ఆ రక్షణ కంటికి కనిపించేది కాదు. ఇద్దరు మనుషులను పక్కపక్కన నిలబెట్టి వీరిలో ఎవరికి ఫలానా రోగం ఇదివరకే వచ్చిపోయిందో, ఎవరికి ముందు ముందు రాగలదో ఎలా చెప్పడం? ఆ రోగం ఉన్న ఊరికి పంపి చూద్దామనుకోవడం అమానుషం. టీకా వేసిన తరువాత అది పనిచేసిందో లేదో తెలుసుకోవడంలోనూ ఇదే చిక్కు ఉంది. ఈ చిక్కును విప్పడానికి ఒక తేలికైన, చౌకైన పరీక్షకు దారి చూపినవాడు మాక్స్ థైలర్. ఆ పరీక్ష ఆధారంగానే ఆయన పచ్చజ్వరానికి టీకా తయారుచేసి కోట్లాది ప్రాణాలకు రక్షణ కల్పించాడు.

పచ్చజ్వరం మన దేశంలో లేదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని ఉష్ణప్రాంతాలలో ఉంది. ఇంగ్లీషులో దీనిని ఎల్లో ఫీవర్ అంటారు. మొదట చలి, తలనొప్పి, ఒళ్ళునొప్పులతో జ్వరం వస్తుంది. చాలామందికి నాలుగైదు రోజులలో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం తగ్గినట్లే తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది. అప్పుడు కాలేయం దెబ్బతిని కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి. కడుపులో నెత్తురు కారి నల్లని వాంతులు అవుతాయి. అంతవరకు వచ్చినవారిలో చాలామంది బతకరు. 1793లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఈ జ్వరం కొద్ది నెలలలోనే సుమారు 5,000 మందిని పొట్టన పెట్టుకొంది. పనామా కాలువ తవ్వడానికి పూనుకొన్న ఫ్రెంచివారు ఆ పనిని మధ్యలో వదలివేయడానికి ఈ జ్వరం కూడా ఒక కారణం.

ఈ రోగాన్ని దోమలు వ్యాపింపజేస్తాయని క్యూబా దేశపు వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లో చెప్పాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం దానిని రుజువు చేసింది. ఏడిస్ ఈజిప్టై అనే ఆ దోమ మనకు కొత్తది కాదు. మన ఇళ్ళలో కుండలలో, పాత టైర్లలో, పూలకుండీల కింది పళ్ళేలలో నిలిచిన నీటిలో పెరిగి డెంగీ జ్వరాన్ని తెచ్చే దోమ అదే. రోగం ఎలా వస్తుందో ఈ విధంగా తెలిసింది కాని, రోగాన్ని కలిగించే క్రిమి ఏదో చాలా కాలం తెలియలేదు.

మాక్స్ థైలర్ 1899 జనవరి 30న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో జన్మించాడు. ఆయన తండ్రి ఆర్నాల్డ్ థైలర్ స్విట్జర్లాండు నుండి వలస వచ్చిన పశువైద్యుడు. ప్రమాదంలో ఒక చేతిని పోగొట్టుకొని కూడా పరిశోధన మానని పట్టుదల ఆయనది. పశువులను మందలు మందలుగా చంపే రోగాల మీద పరిశోధనలు చేసి, ఆండర్‌స్టెపూర్ట్ అనే చోట పెద్ద పశువైద్య పరిశోధనశాలను స్థాపించి ప్రసిద్ధి పొందాడు. పెరటిలోనే ప్రయోగశాల ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లవాడికి పశువులు, రక్తం, సూక్ష్మదర్శిని చిన్ననాటి నుండి పరిచితమైన వస్తువులయ్యాయి. కొడుకు వైద్యుడు కావాలని తండ్రి కోరుకొన్నాడు.

మాక్స్ కేప్‌టౌన్‌లో చదివి, 1919లో లండను వెళ్ళి సెయింట్ థామస్ ఆసుపత్రిలో వైద్యవిద్య పూర్తిచేశాడు. లండనులోనే ఉష్ణమండల వ్యాధుల గురించి ప్రత్యేకంగా చదివాడు. రోగులను చూసి మందు రాసి ఇవ్వడం కంటే రోగం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం మీదనే ఆయనకు మక్కువ. 1922లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యశాఖలో చిన్న ఉద్యోగం దొరికింది. ఇరవై మూడేళ్ళ వయసులో అక్కడ చేరిన థైలర్ తిరిగి స్వదేశంలో స్థిరపడలేదు.

ఆ రోజులలో పచ్చజ్వరానికి కారణమైన క్రిమిని తాను కనుగొన్నానని జపాను శాస్త్రవేత్త హిడెయో నొగుచి ప్రకటించి ఉన్నాడు. నొగుచి అప్పటికే ప్రపంచ ప్రఖ్యాతి గాంచినవాడు. థైలర్ పేరు ఎవరికీ తెలియదు. అయినా థైలర్, ఆయన పై అధికారి ఆండ్రూ సెల్లర్డ్స్ కలిసి నొగుచి చూపిన క్రిమిని శ్రద్ధగా పరీక్షించారు. అది పచ్చజ్వరపు క్రిమి కాదనీ, వీల్స్ వ్యాధి అనే మరో రకపు కామెర్ల క్రిమికీ దీనికీ తేడా లేదనీ వారు తేల్చారు. పేరున్న పెద్దలు చెప్పినంత మాత్రాన ఏదీ నిజం కాదు, ప్రయోగంలో నిలిచినదే నిజం అనే పాఠాన్ని థైలర్ ఈ పరిశోధనలో నేర్చుకొన్నాడు.

అసలు రహస్యం 1927లో పశ్చిమ ఆఫ్రికాలో బయటపడింది. నేటి ఘనా దేశంలో అసిబి అనే యువకుడికి పచ్చజ్వరం వచ్చింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పరిశోధకులు అతని రక్తాన్ని ఒక కోతికి ఎక్కించారు. అది ఆఫ్రికా కోతి కాదు. మన దేశం నుండి తీసుకువెళ్ళిన ఎర్రమూతి కోతి. ఆఫ్రికా కోతులకు ఈ రోగం అంతగా సోకేది కాదు. మన దేశపు కోతి మాత్రం జ్వరపడి మరణించింది. అసిబి కోలుకొన్నాడు. కోతి రక్తాన్ని సూక్ష్మమైన వడపోత గుండా పంపినా రోగాన్ని కలిగించే శక్తి పోలేదు. దానిని బట్టి ఇది బాక్టీరియా కాదు, అంతకంటే ఎంతో చిన్నదైన వైరస్ అని తేలింది.

ఈ విజయానికి చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. ఆ బృందంలోని ఏడ్రియన్ స్టోక్స్ అదే జ్వరం సోకి 1927 సెప్టెంబరులో కన్నుమూశాడు. తన సిద్ధాంతాన్ని తిరిగి పరీక్షించుకోవడానికి ఆఫ్రికా వెళ్ళిన నొగుచి 1928 మే నెలలో అక్రా నగరంలో అదే జ్వరంతో మరణించాడు. అక్కడ ఆయనకు సహాయపడిన విలియం యంగ్ అనే వైద్యుడు కూడా కొద్ది రోజుల తేడాతో అదే విధంగా ప్రాణాలు విడిచాడు. ఈ వైరస్ మీద పనిచేయడమంటే పాముపుట్టలో చేయి పెట్టడమే. అయినా పరిశోధకులు వెనుకంజ వేయలేదు.

ఈ వైరస్ హార్వర్డ్‌కు కూడా చేరింది. థైలర్ దానిమీద పని ప్రారంభించాడు. అప్పుడు ఆయనకు ఎదురైన మొదటి ఇబ్బంది ఖర్చు. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క కోతి కావాలి. కోతులను సముద్రాలు దాటించి తేవాలి. వాటి ధర ఎక్కువ, పోషణ కష్టం. ఒకటి రెండు కోతులతో చేసిన పరీక్ష ఫలితాన్ని పూర్తిగా నమ్మడానికీ వీలులేదు. కోతి చనిపోయింది ఈ వైరస్ వల్లనా, మరో జబ్బు వల్లనా అనే సందేహం మిగిలిపోతుంది. పది, ఇరవై జంతువుల మీద ఒకేసారి పరీక్షించగలిగితేనే నమ్మకం కుదురుతుంది. అందుకు తెల్ల చిట్టెలుకలు పనికివస్తాయేమోనని థైలర్ ఆలోచించాడు. అవి చౌకగా దొరుకుతాయి. చిన్న పెట్టెలో ఎన్నింటినో పెంచవచ్చు.

వైరస్‌ను మామూలుగా చర్మం కిందనో, కడుపులోనో ఎక్కిస్తే చిట్టెలుకలకు ఏమీ కాలేదు. థైలర్ నిరాశ పడక, వాటికి మత్తు ఇచ్చి అతి సన్నని సూదితో వైరస్‌ను మెదడులోకి ఎక్కించి చూశాడు. కొద్ది రోజులకు అవి కదలలేక పడిపోయి చనిపోయాయి. కోసి చూస్తే కాలేయం చెక్కుచెదరలేదు. రోగమంతా మెదడులోనే ఉంది. ఇది పచ్చజ్వరమేనా అని చాలామంది శాస్త్రవేత్తలు అనుమానించారు. మనిషికి కాలేయాన్ని చెడగొట్టే వైరస్ ఎలుకకు మెదడును చెడగొడుతుందంటే వారికి నమ్మబుద్ధి కాలేదు. థైలర్ ఓపికగా రుజువులు కూర్చాడు. ఎలుక మెదడు నుండి తీసిన వైరస్‌ను కోతులకు ఎక్కించి చూశాడు. పచ్చజ్వరం వచ్చి కోలుకొన్నవారి రక్తం ఆ ఎలుకలను కాపాడుతుందని చూపాడు. 1930లో ఈ సంగతులను ప్రకటించాడు. ఇతరులు కూడా చేసి చూసిన మీదట ఆయన మాటే నిలిచింది.

ఈ పని సాగుతుండగానే 1929లో థైలర్‌కు ప్రయోగశాలలోనే పచ్చజ్వరం సోకింది. స్టోక్స్, నొగుచి వంటివారిని బలిగొన్న రోగం ఆయనను మాత్రం కొద్దిపాటి జ్వరంతో వదిలిపెట్టింది. అప్పటి నుండి ఆయన ఒంట్లోనూ రక్షణ ఏర్పడింది. కోలుకొన్న వెంటనే ఆయన మళ్ళీ ఎలుకల పెట్టెల దగ్గరకే వెళ్ళాడు.

థైలర్ దారి చూపిన ఆ పరీక్షను ఇప్పుడు వివరంగా తెలుసుకొందాం. మనిషి నుండి తీసిన కొద్దిపాటి రక్తాన్ని గాజుగొట్టంలో కదపకుండా ఉంచితే అది గడ్డకడుతుంది. గడ్డ మీద లేత పసుపు రంగు ద్రవం తేరుకొంటుంది. దీనిని రక్తరసం లేదా సీరం అంటారు. ఒక వైరస్‌ను ఒకసారి ఎదుర్కొన్న శరీరం దానికి విరుగుడుగా ప్రతిరక్షకాలు అనే పదార్థాలను తయారు చేసుకొంటుంది. అవి రక్తరసంలో ఉంటాయి. ఒక తాళంలో మైనం కూరితే తాళంచెవి లోపలికి దూరనట్లే, ప్రతిరక్షకాలు వైరస్‌ను అంటిపెట్టుకొని అది కణాలలో ప్రవేశించకుండా అడ్డుపడతాయి. ఆమ్లానికి తగినంత క్షారం కలిపితే ఆమ్లగుణం పోయినట్లు, వైరస్‌కు తగినన్ని ప్రతిరక్షకాలు కలిస్తే దాని హాని చేసే గుణం పోతుంది. దీనికే వైరస్ తటస్థీకరణం అని పేరు.

పరీక్షించవలసిన మనిషి రక్తరసాన్ని, కొలిచిన వైరస్ ద్రవాన్ని గాజుగొట్టంలో కలుపుతారు. కొంతసేపు అలా ఉంచుతారు. ఆ తరువాత ఆ మిశ్రమాన్ని కొన్ని చిట్టెలుకలకు ఎక్కించి రోజూ గమనిస్తారు. రక్తరసంలో ప్రతిరక్షకాలు ఉంటే వైరస్ గొట్టంలోనే అణగిపోతుంది, ఎలుకలు బతుకుతాయి. ప్రతిరక్షకాలు లేకపోతే ఎలుకలు చనిపోతాయి. ఇంతే కాదు. అదే రోజు, అదే వైరస్‌తో మరి రెండు గుంపుల ఎలుకలను కూడా పరీక్షిస్తారు. ఒక గుంపుకు ఈ రోగం ఎన్నడూ రానివారి రక్తరసం కలిపిన వైరస్ ఇస్తారు. ఆ ఎలుకలు చనిపోవాలి. రెండవ గుంపుకు రోగం వచ్చి కోలుకొన్నవారి రక్తరసం కలిపిన వైరస్ ఇస్తారు. ఆ ఎలుకలు బతకాలి. ఈ రెండు గుంపులూ అనుకొన్న విధంగా ఉంటేనే పరీక్షను నమ్ముతారు. తూకం వేసే ముందు ఖాళీ త్రాసు సరిగా నిలుస్తున్నదో లేదో చూసుకోవడం వంటిది ఇది.

రక్షణ ఉందా లేదా అని చెప్పడంతో పని తీరలేదు. అది ఎంత ఉంది అని కొలిచే పద్ధతి కూడా క్రమంగా స్థిరపడింది. ఒక పాలు వైరస్ ద్రవానికి తొమ్మిది పాళ్ళు ఉప్పునీరు కలిపితే అది పదోవంతుకు పలుచనవుతుంది. దాని నుండి ఒక పాలు తీసి మళ్ళీ తొమ్మిది పాళ్ళు కలిపితే నూరోవంతు అవుతుంది. ఇలా వేయోవంతు, పదివేలోవంతు వరకు పలుచన చేసుకొంటూ పోయి, ఒక్కొక్కదానికి రక్తరసం కలిపి ఒక్కొక్క గుంపు ఎలుకలకు ఇస్తారు. గుంపులో సగం ఎలుకలు ఏ పలుచన దగ్గర చనిపోయాయో లెక్కిస్తారు. ఉదాహరణకు, మామూలు రక్తరసం కలిపినప్పుడు పదివేలోవంతు వైరస్ సగం ఎలుకలను చంపిందనుకొందాం. పరీక్షించే రక్తరసం కలిపినప్పుడు సగం ఎలుకలు చావడానికి నూరోవంతు వైరస్ కావలసి వచ్చిందనుకొందాం. అంటే ఈ రక్తరసం వైరస్ బలాన్ని నూరు రెట్లు తగ్గించిందని అర్థం. కంటికి కనిపించని వైరస్‌ను, కంటికి కనిపించని రక్షణను ఒక అంకెలోకి తేవడానికి ఈ విధంగా వీలయింది.

1930లో థైలర్ హార్వర్డ్ వదలి న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ విల్బర్ సాయర్, రే లాయిడ్ ఈ ఎలుకల పరీక్షకు మార్పులు చేసి పెద్ద ఎత్తున వాడడానికి అనువుగా తీర్చిదిద్దారు. ఆపైన దేశదేశాల నుండి రక్తరసాలు సేకరించి పరీక్షించే మహాకార్యం మొదలయింది. ఈ పనిలో వయసును బట్టి రక్తాన్ని పరీక్షించడం చాలా ఉపయోగపడింది. ఒక ఊరిలో ముసలివారి రక్తంలో రక్షణ ఉండి పిల్లల రక్తంలో లేకపోతే, ఆ పిల్లలు పుట్టకముందే అక్కడ రోగం ఆగిపోయిందని అర్థం. పసిపిల్లల రక్తంలో కూడా ఉంటే రోగం ఇటీవలి వరకు ఆ ఊరిలో తిరుగుతూనే ఉందన్నమాట. ఏ వైద్యుడూ చూడని, ఏ పుస్తకంలోనూ రాయని రోగచరిత్రను రక్తం చెప్పింది, చిట్టెలుకలు చదివి వినిపించాయి.

ఆఫ్రికాలో పచ్చజ్వరం సముద్రతీరపు రేవుపట్టణాలలోనే ఉందని అంతవరకు అనుకొనేవారు. అది ఖండం లోపల ఎంతో దూరం విస్తరించి ఉందని ఈ పరీక్షల వల్ల తెలిసింది. దక్షిణ అమెరికాలో జ్వరం జాడే లేదనుకొన్న అడవి ప్రాంతాలవారి రక్తంలో కూడా ప్రతిరక్షకాలు కనిపించాయి. అడవులలో కోతుల మధ్య ఈ వైరస్ తిరుగుతున్నదని తరువాత గ్రహించారు. ఆసియా ఖండపు రక్తరసాలలో మాత్రం పచ్చజ్వరం వచ్చిపోయిన గుర్తులు కనబడలేదు. ఇది మనకు ఊరట, హెచ్చరిక కూడా. దోమ ఇక్కడ ఉంది, రక్షణ లేని జనం ఉన్నారు, వైరస్ మాత్రమే లేదు. అందుకే పచ్చజ్వరం ఉన్న దేశాల నుండి మన దేశానికి వచ్చేవారు టీకా వేయించుకొన్నట్లు పత్రం చూపాలని నియమం ఉంది. ఉద్యోగాల కోసం నైజీరియా, ఉగాండా వంటి దేశాలకు వెళ్ళివచ్చే మనవారికి ఈ పత్రం బాగా తెలిసినదే.

ఇక థైలర్ మనసు టీకా మీదకు మళ్ళింది. వైరస్‌ను జంతువుల శరీరంలో కాక గాజుపాత్రలో, కణజాలపు ముక్కల మధ్య పెంచడం మొదలుపెట్టారు. అసిబి రక్తం నుండి వచ్చిన వైరస్‌ను మొదట ఎలుక పిండాల కణజాలంలోను, తరువాత కోడి పిండాల కణజాలంలోను, ఆ తరువాత మెదడు, వెన్నుపాము తీసివేసిన కోడి పిండాల కణజాలంలోను పెంచారు. ఒక పాత్ర నుండి మరో పాత్రకు కొద్దికొద్దిగా మార్చుకొంటూ పోయారు. ఇలా నూరుకు పైగా మార్పిడులు జరిగాయి. నెలలు, సంవత్సరాలు గడిచాయి. 89వ మార్పిడికీ 114వ మార్పిడికీ నడుమ ఎప్పుడో వైరస్ స్వభావం మారిపోయింది. కోతి మెదడులో ఎక్కించినా దానిని చంపలేని స్థితికి వచ్చింది. అయినా శరీరంలో ప్రతిరక్షకాలను పుట్టించే గుణం మాత్రం పోలేదు. ఆ వైరస్‌కు 17డి అని పేరు పెట్టారు. 1937లో థైలర్, హ్యూ స్మిత్ ఈ విషయాన్ని ప్రకటించారు.

టీకా వేసినవారికి రక్షణ వచ్చిందని ఎలా తెలిసింది? మళ్ళీ చిట్టెలుకల పరీక్షే ఆ మాట చెప్పింది. టీకాకు ముందు తీసిన రక్తం ఎలుకలను కాపాడలేదు. టీకా వేసిన కొన్ని వారాలకు తీసిన రక్తం కాపాడింది. ఒక్క మనిషిని కూడా రోగం పాలు చేయకుండానే టీకా పనితనం రుజువయింది. 1937లో బ్రెజిల్‌లో ప్రజలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. 1938లో అక్కడ సుమారు 10 లక్షల మంది టీకా వేయించుకొన్నారు.

ఈ దారి అంతా పూలబాట కాదు. బ్రెజిల్‌లో కొన్ని విడతల టీకా సరిగా పనిచేయలేదు. వేయించుకొన్నవారి రక్తాన్ని పరీక్షించడం వల్లనే ఆ లోపం బయటపడింది. వైరస్‌ను ఇష్టం వచ్చినన్ని మార్పిడులు చేస్తే దాని గుణం మారిపోతుందని గ్రహించి, ఒకే మూలవిత్తనం నుండి టీకా తయారుచేసే కట్టుబాటును తరువాత ఏర్పరచారు. 1942లో మరో విపత్తు వచ్చింది. టీకా చెడిపోకుండా ఉండడానికి కలిపిన మానవ రక్తరసంలో కామెర్లను కలిగించే వేరొక వైరస్ దాగి ఉంది. దానివల్ల సుమారు 50,000 మంది అమెరికా సైనికులు ఆసుపత్రి పాలయ్యారు. కొందరు మరణించారు. అప్పటి నుండి టీకాలో మానవ రక్తరసం కలపడం మానివేశారు. వెతికిన వైరస్‌ను ఎలుకల పరీక్ష చూపగలిగింది. ఉందని ఊహించని వైరస్‌ను చూపలేకపోయింది. ప్రతి పరీక్షకూ ఒక హద్దు ఉంటుందని ఈ సంఘటన వైద్యలోకానికి తెలియజెప్పింది.

1951లో మాక్స్ థైలర్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆఫ్రికా ఖండంలో పుట్టి ఈ బహుమతి పొందిన మొదటివాడు ఆయనే. అంతటి కీర్తి వచ్చినా ఆయన జీవితం మారలేదు. ఆయన ఆర్భాటం లేని మనిషి. చరిత్ర, తత్త్వశాస్త్ర గ్రంథాలు చదవడం, బేస్‌బాల్ ఆట చూడడం ఆయనకు ఇష్టమైన కాలక్షేపాలు. ఏ విశ్వవిద్యాలయంలోనూ డాక్టరేటు పట్టా కోసం ఆయన చదవలేదు. ఆయన చదివిన చదువంతా ప్రయోగశాలలోనే.

థైలర్ పనిచేసిన సంస్థతో మన దేశానికీ సంబంధం ఉంది. 1952లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి పూణేలో వైరస్ పరిశోధన కేంద్రాన్ని స్థాపించాయి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు గుట్టలుగా చనిపోసాగాయి. చుట్టుపక్కల పల్లెలవారికి తీవ్రమైన జ్వరాలు వచ్చాయి. దక్షిణ అమెరికా అడవులలో పచ్చజ్వరం ఇలాగే కోతులను చంపుతుంది. ఆ మహమ్మారి మన దేశంలో అడుగుపెట్టిందేమోనని వైద్యులు కలవరపడ్డారు. పూణే పరిశోధకులు వైరస్‌ను చిట్టెలుకలలో పెంచి, ప్రతిరక్షకాల సాయంతో దానిని పోల్చి చూశారు. అది పచ్చజ్వరం కాదనీ, పిడుదుల వల్ల వ్యాపించే ఒక కొత్త వైరస్ అనీ తేలింది. కన్నడంలో మంగన కాయిలె, అంటే కోతి జబ్బు, అని పిలిచే రోగం అదే. ఆ కేంద్రమే 1978 నుండి జాతీయ వైరాలజీ సంస్థగా పిలువబడుతున్నది.

తరువాతి కాలంలో చిట్టెలుకల అవసరం తగ్గింది. 1952లో రెనాటో డల్బెకో అనే శాస్త్రవేత్త గాజుపాత్ర అడుగున పలుచని పొరగా పెంచిన కణాల మీద వైరస్‌ను వేసి లెక్కించే పద్ధతిని ప్రకటించాడు. వైరస్ పడిన చోటల్లా కణాలు చచ్చి పొరలో చిన్న చిన్న ఖాళీలు ఏర్పడతాయి. వాటిని ప్లేక్‌లు అంటారు. రక్తరసం కలిపిన తరువాత ఈ ఖాళీలు ఎంత తగ్గాయో లెక్కపెడితే ప్రతిరక్షకాల బలం తెలుస్తుంది. 2020లో కోవిడ్ ప్రపంచాన్ని అల్లకల్లోలం చేసినప్పుడు, కొత్త టీకాలు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి పూణేతో సహా ఎన్నో ప్రయోగశాలలు ఈ పద్ధతినే అనుసరించాయి. పాత్ర మారింది, కణాలు మారాయి. రక్తరసాన్ని వైరస్‌తో కలిపి, మిగిలిన వైరస్ చేసే హానిని లెక్కించడం అనే మూలసూత్రం మాత్రం అదే.

థైలర్ 1964లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరి 1967లో విశ్రాంతి తీసుకొన్నాడు. 1972 ఆగస్టు 11న అమెరికాలోని న్యూహావెన్ నగరంలో కన్నుమూశాడు. ఆయన తయారుచేసిన 17డి టీకా నేటికీ వాడుకలో ఉంది. ఒక్కసారి వేయించుకొంటే జీవితాంతం రక్షణ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ప్రకటించింది.

పచ్చజ్వరానికి నేటికీ నేరుగా పనిచేసే మందు లేదు. వచ్చిన తరువాత చేయగలిగింది తక్కువ, రాకుండా చేయగలిగింది ఎక్కువ. కోతులు కొనలేని ఇబ్బందిలో చిట్టెలుకను పరీక్షకు తెచ్చి, నమ్మనివారికి కోపంతో కాక రుజువులతో సమాధానం చెప్పి, తన ప్రాణాన్ని ఒడ్డి పనిచేసిన థైలర్ వల్లనే ఈ రక్షణ సాధ్యమయింది. ఆ పరీక్షల కోసం లెక్కలేనన్ని చిట్టెలుకలు ప్రాణాలు కోల్పోయాయి. మనం చేయి చాచి టీకా వేయించుకొనేటప్పుడు ఆ మూగజీవుల రుణాన్ని కూడా తలచుకోవడం ధర్మం.

పదాలు – అర్థాలు

పుట్టుపూర్వోత్తరాలు = మొదటి నుండి చివరి వరకు గల సంగతులు
తేరుకొను = మడ్డి కిందికి దిగి పైన స్వచ్ఛమగు
పొట్టన పెట్టుకొను = ప్రాణాలు తీయు
విరుగుడు = విషం, రోగం మొదలైనవాటి శక్తిని పోగొట్టేది
మూలవిత్తనం = తరువాత తయారయ్యేవాటికన్నింటికీ ఆధారమైన మొదటి నిల్వ
పిడుదు = పశువుల ఒంటిని అంటిపెట్టుకొని రక్తం పీల్చే పురుగు

ప్రశ్నలు

1. పచ్చజ్వరాన్ని వ్యాపింపజేసే దోమ మన దేశంలో ఉన్నా ఆ జ్వరం లేదు. అయినా జాగ్రత్త ఎందుకు అవసరం?
2. కోతులకు బదులు చిట్టెలుకలను వాడాలని థైలర్ ఎందుకు అనుకొన్నాడు?
3. పరీక్షలో మరి రెండు గుంపుల ఎలుకలు ఎందుకు కావాలి? అవి లేకపోతే వచ్చే చిక్కు ఏమిటి?
4. ఒక ఊరిలో పెద్దల రక్తంలో రక్షణ ఉంది, పిల్లల రక్తంలో లేదు. దీనివల్ల ఆ ఊరి రోగచరిత్ర గురించి ఏమి గ్రహిస్తారు?
5. 1942లో జరిగిన విపత్తు వల్ల వైద్యులు నేర్చుకొన్న పాఠం ఏమిటి?
6. మీ ఇంటి చుట్టుపక్కల నీరు నిలిచే చోట్లను గుర్తించి, దోమలు పెరగకుండా మీరు చేయగల పనులను పది వాక్యాలలో రాయండి.